తాగని మత్తు

పోయిన వారం మనం బాలశౌరిని ఆయన ఇంటి గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆ గుమ్మం దాకా ఎలా వచ్చాడో, కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

తెర మీద దుర్మార్గుడు ఎవరైనా కావచ్చు, గొంతు మాత్రం బాలశౌరిది. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో పాతికేళ్ళుగా అదే ఆనవాయితీ. అందులో ఇరవై ఏళ్ళు సాయంత్రమైతే సీసా ఉండాల్సిందే. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళి విందులో చెయ్యి కడుక్కుంటూనే నెత్తురు కక్కుకుని పడిపోయాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మళ్ళీ చుక్క ముట్టలేదు. ఆయన మందును వదిలాడు గానీ మందు చేసిన చెరుపు ఆయన్ను వదల్లేదు. కాలేయం రాయిలా గట్టిపడింది. మార్చడం తప్ప దారి లేదన్నారు డాక్టర్లు. కొడుకు ఆండ్రూ తన కాలేయంలో సగం ఇస్తానని ముందుకొచ్చి, ఒక్కటే షరతు పెట్టాడు. "నాకు ఇంకెప్పుడూ అబద్ధం చెప్పొద్దు డాడీ."

వచ్చే వారం ఆసుపత్రి కమిటీ కూర్చుని ఆపరేషన్‌కు సరే అనాలి. ఆయన మళ్ళీ తాగుతున్నాడని తెలిస్తే అనరు. సరిగ్గా ఆ రోజుల్లోనే, బుధవారం పొద్దున, బాలశౌరి మైకు ముందు తడబడ్డాడు. తెర మీద పెదవులు ఒకటి చెబుతుంటే ఆయన నోటి నుంచి ఏనాటిదో పాత సినిమా డైలాగు వచ్చింది. నాలుక మందంగా, మాట ముద్దగా ఉంది. కుర్ర డైరెక్టర్ సిద్ధార్థ అద్దాల గదిలోకి వచ్చి, డైలాగు కాగితం చూపిస్తున్నట్టు వంగి, ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టాడు. అద్దం అవతలి వాళ్ళంతా చూశారు. మేనేజర్ వెంకటేశ్వరరావు ఆయన్ను మెల్లగా బయటికి నడిపించి ఆటో ఎక్కించాడు. అప్పటికింకా భోజనాల వేళ కాలేదు.

ఫిల్మ్‌నగర్ నుంచి వెంగళరావు నగర్ ఎంత దూరం? ఎంత ట్రాఫిక్ ఉన్నా గంట పట్టదు. బాలశౌరి తన ఇంటి ముందు దిగేసరికి బడిపిల్లలు ఇళ్ళకు మళ్ళుతున్నారు.

తలుపు తీసింది భార్య కరుణాకుమారి. ఆవిడా అప్పుడే స్కూలు నుంచి వచ్చింది. టీచరమ్మ సంచీ ఇంకా భుజం మీదే ఉంది. భర్తను కింద నుంచి పైకి ఒకసారి చూసింది. ఆయన వెనక ఆటో మలుపు తిరిగి వెళ్ళిపోవడం చూసింది. సంచీ దించకుండానే అంది.

"నోరు తెరవండి."

ఒకప్పుడు ఆ ఇంట్లో ప్రతి రాత్రీ వినిపించిన మాట అది. మందు మానిన ఏడాది, క్రిస్మస్ పూజ నుంచి నడిచి వస్తూ, ఇక ఆ మాట నా నోట రాదండీ అని కరుణ తనంతట తనే చెప్పింది. చెప్పినట్టే నిలబెట్టుకుంది. ఇవాళ తప్పింది.

బాలశౌరికి కోపం రావాలి. వచ్చినట్టే ఉంది గానీ అది ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టుంది, తన దాకా రావడం లేదు. తల నిండా తడి దూది కుక్కినట్టుగా ఉంది. చెప్పినట్టు నోరు తెరిచాడు.

కరుణ దగ్గరికి జరిగింది. మొగుడు తాగింది బ్రాందీయో విస్కీయో వీధి మలుపులోనే చెప్పగల ముక్కు ఆవిడది. ఇది బ్రాందీ కాదు, విస్కీ కాదు. మగ్గిపోయిన పండూ తడిసిన మట్టీ కలిసినట్టు ఒక రకమైన తియ్యటి వాసన. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మందు వాసన కాదు," అంది నెమ్మదిగా. "కానీ ఇది మీ వాసన కూడా కాదు."

"తాగలేదని చెప్పాను కదా," అన్నాడు బాలశౌరి.

ఆయన అంతకు ముందేమీ చెప్పలేదు. గుమ్మంలోకి వచ్చాక ఆయన నోరు విప్పి అన్న మొదటి మాట అదే. అదీ ఆయనకు తెలియలేదు. భార్య ముఖంలో ఏదో మారడం మాత్రం కనిపించింది.

సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసుకు పక్కగా పోయింది. ఆవిడే పట్టుకుని తాగించింది. తాగిస్తూ ఆయన చొక్కా వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఈ చొక్కా పొద్దున నేనే ఇస్త్రీ చేసిచ్చాను. గుండీలు నా కళ్ళ ముందే పెట్టుకున్నారు. సరిగ్గానే పెట్టుకున్నారు."

బాలశౌరి తల వంచి చూసుకున్నాడు. పైగుండీ రెండో కాజాలో ఉంది. అక్కణ్నుంచి కింది దాకా అన్నీ ఒక్కో కాజా తప్పి ఉన్నాయి.

"చొక్కా ఎక్కడ విప్పారండీ?"

స్టూడియో మెట్లు గుర్తున్నాయి. ఆటో సీటు మీద వేడి గుర్తుంది. వెంకటేశ్వరరావు "జాగ్రత్త శౌరి గారూ" అనడం గుర్తుంది. ఆ తరువాత ఇదిగో, ఈ గుమ్మం. మధ్యలో రీలు ఎవరో కత్తిరించి పారేసినట్టుంది.

ఒకప్పుడు తాగిన రోజుల్లో కూడా ఇలా అయ్యేది. ఆ సంగతి తట్టగానే ఆయన భార్య ముఖం మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

"కమలాకర్ కనిపించాడా?" అడిగింది కరుణ.

ఫైట్లలో దెబ్బలు తినే కమలాకర్ యూసుఫ్‌గూడలో ఉంటాడు. బాలశౌరి తాగిన రోజుల్లో రెండో గ్లాసు ఎప్పుడూ అతనిదే. నాలుగేళ్ళ కిందట కరుణ అతని కాళ్ళకు దండం పెట్టి, మా ఇంటి ఛాయలకు రాకు తమ్ముడూ అని చెప్పింది. అతనూ రాలేదు.

"లేదు," అన్నాడు బాలశౌరి. లేదనే అనుకున్నాడు.

ఆండ్రూ బండి చప్పుడు వినిపించింది. మెట్లు ఎక్కే అడుగుల్లోనే తెలిసిపోయింది, వెంకటేశ్వరరావు వాడికి ఫోన్ చేసేశాడని. హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ నాన్నను బార్లలోంచి ఇంటికి తెచ్చిన పిల్లాడు వాడు. ఇప్పుడు ఆఫీసులో నలుగురికి పై అధికారి. ఏ పార్టీకి వెళ్ళినా చేతిలో నిమ్మకాయ సోడాయే ఉంటుంది.

"స్టూడియోలో ఏమైంది డాడీ?"

"మాట తడబడింది. నిద్ర సరిపోక."

"సిద్ధార్థ వేరేగా చెప్తున్నాడంట. రేపటికి కృష్ణానగర్‌లో సినిమావాళ్ళు చేరే టీ కొట్ల దాకా పోతుంది ఈ వార్త. కమిటీలో ఎవరి చెవిన పడినా చాలు." ఆండ్రూ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది బాలశౌరికి. "స్టూడియో నుంచి ఎప్పుడో బయల్దేరావు. ఇంతసేపూ ఎక్కడున్నావు?"

మనిషి బుర్ర ఎంత మొద్దుబారినా పాత అలవాటు చావదు కాబోలు. ఇరవై ఏళ్ళు అబద్ధాలు వండిన నోరు ఆయన ప్రమేయం లేకుండానే తెరుచుకుంది.

"చర్చిలో కూర్చున్నాను," అన్నాడు.

కరుణ చెయ్యి మెడలోని జపమాల మీదికి పోయింది. ఆవిడ నమ్మాలనుకుంది. ఆండ్రూ తండ్రి కళ్ళలోకి చూశాడు.

"ఏ చర్చి?"

"మన చర్చేరా."

"సరే," అన్నాడు ఆండ్రూ. లోపలికొచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. ఆ సరేలో సగం నమ్మకం ఉంది. మిగతా సగం ఏమిటో బాలశౌరికి అంతుపట్టలేదు.

కరుణ వంటింట్లోకి వెళ్ళి అన్నం కలిపి తెచ్చింది. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని బీరకాయ. నాలుగేళ్ళుగా ఆయనకు అదే భోజనం. ఉప్పు తింటే పొట్టలో నీరు చేరుతుందని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఆయన ఒక ముద్ద తీసుకుని ఆగాడు.

"మీ నాన్నగారు తిన్నారా? ఆయన్ను కూర్చోబెట్టకుండా నాకు పెట్టావేంటి?"

కరుణ తండ్రి పోయి పదేళ్ళు దాటింది. శవపేటికను భుజానికెత్తుకున్న వాళ్ళలో బాలశౌరి ఒకడు.

పళ్ళెం పట్టుకున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆండ్రూ తల్లి వంక చూశాడు. తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇందాక లేని గొంతుతో, "డాడీ, నేనెవర్ని?" అన్నాడు.

"ఇదేం ప్రశ్నరా," అని నవ్వాడు బాలశౌరి. నవ్వుతూ పేరు కోసం వెతికాడు. ముఖం తెలుసు. ఈ ముఖం తన సొంతమని తెలుసు. పేరు మాత్రం నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి జారిపోతోంది. నవ్వు అలాగే పెదవుల మీద ఉండిపోయింది.

ఆండ్రూ లేచి ఆసుపత్రికి కారు పిలిపించాడు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటుతుంటే సాయంత్రపు ఎండలో సినిమా హోర్డింగులు మెరుస్తున్నాయి. ఒకదాని మీద విలన్ రక్తం కారుతున్న ముఖంతో నోరు తెరిచి అరుస్తున్నాడు. ఆ అరుపు తనదేనని బాలశౌరికి తెలిసింది. కొడుకు పేరు దొరకనివాడికి అది ఎలా తెలిసిందో. కిటికీ అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

డాక్టర్ మనోజకు నాలుగేళ్ళుగా ఆయన కాలేయంలో ప్రతి మూలా తెలుసు. ఎమర్జెన్సీలోకి వచ్చి, పలకరింపులు లేకుండా, రెండు చేతులూ ముందుకు చాపించింది.

"ట్రాఫిక్ ఆపుతున్నట్టు అరచేతులు నిలబెట్టండి. అలాగే ఉంచండి."

బాలశౌరి నిలబెట్టాడు. అరచేతులు నిలబడలేదు. ఉండుండి ముందుకు వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలుతున్నాయి. ఎగరడం చాతకాని పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టుగా ఉంది. అవి తన చేతులేనా అన్నట్టు చూశాడు ఆయన.

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం."

డాక్టరమ్మ నర్సుకు తొందర తొందరగా నాలుగు మందుల పేర్లు చెప్పింది. ఆండ్రూ ఆవిడను కొంచెం పక్కకు పిలిచాడు. ఎంత పక్కకు పిలిచినా, గొంతు మీద బతికినవాడికి చెవులు చురుకు. బాలశౌరికి వినిపించింది.

"ఆయన తాగారో లేదో నాకు తెలియాలి మేడం. నేను ఆపరేషన్ బల్ల ఎక్కేముందు తెలియాలి."

"అలాంటి అనుమానం ఉందా?"

ఆండ్రూ జవాబు చెప్పేలోగా బాలశౌరి మంచం మీద నుంచే చెయ్యి ఎత్తాడు. ముద్దముద్దగానే అయినా ఆ గొంతు గది నిండా వినిపించింది.

"చెయ్యండి. ఏ పరీక్ష ఉంటే అది చెయ్యండి. నాలుగేళ్ళుగా చుక్క తాగలేదు నేను."

గత మూడు నాలుగు రోజుల్లో తాగి ఉంటే మూత్రంలో ఆనవాలు దొరికే పరీక్ష ఉందని డాక్టరమ్మ చెప్పింది. సంతకం పెట్టమంటే, వంకర టింకరగా ఎవరి సంతకమో పెట్టినట్టు పెట్టాడు. పెడుతున్నప్పుడు గర్వంగానే ఉంది ఆయనకు.

మర్నాడు పొద్దుటికి మబ్బు విడింది. రాత్రంతా ఏవేవో ఎక్కించి, కడుపు కడిగించి, ఒళ్ళు హూనం చేశారు గానీ తల తేటపడింది. కిటికీలోంచి ఆసుపత్రి వెనక రాళ్ళగుట్టా, గుట్ట మీద ఇళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి. కుర్చీలో కూర్చునే కునుకు తీస్తున్న కొడుకు పేరు అడగకుండానే నోటికొచ్చింది.

"ఆండ్రూ."

వాడు ఉలిక్కిపడి లేచాడు. మంచం దగ్గరికొచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. కరుణ ముఖం అటు తిప్పుకుని ఫ్లాస్కులో టీ పోసింది.

మధ్యాహ్నం ముందు ఎండోస్కోపీ చేసి, ఆ తరువాత డాక్టర్ మనోజ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నవాహికలో సిరలు మళ్ళీ ఉబ్బాయి. రబ్బరు బ్యాండ్లు వేశాను. ఈసారి నెత్తురు కారకముందే పట్టుకున్నాం, అదొక అదృష్టం. బరువులెత్తకూడదు, విరేచనానికి ముక్కకూడదు. క్లైమాక్సులో ఆ కేకలు అసలే వద్దు."

"మరి నిన్నటి సంగతేంటి మేడం? తాతయ్య బతికే ఉన్నాడన్నారు," అన్నాడు ఆండ్రూ.

"మీకు ఇక్కడి చెక్‌పోస్ట్ తెలుసుగా. అక్కడ రోడ్డు మూసేస్తే బళ్ళన్నీ ఏం చేస్తాయి? సందుల్లో దూరతాయి. పేగుల నుంచి లివర్‌కి వెళ్ళే రక్తం అదే చేస్తోంది. లివర్ గట్టిపడి దారి మూసుకుపోయింది, వెనక ప్రెషర్ పెరిగిపోయింది. పోర్టల్ హైపర్‌టెన్షన్ అని చెప్తూ వచ్చింది అదే. సందుల్లో దూరిన రక్తం అన్నవాహికలో సిరల్ని ఉబ్బిస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది. లివర్లో శుభ్రపడకుండా, పేగుల్లోని విషంతో సహా తలకెక్కుతుంది. అప్పుడు మాట ముద్దవుతుంది, చేతులు వణుకుతాయి, రోజూ చూసే మనిషి పేరు గుర్తురాదు. చూసేవాళ్ళకు తాగినట్టే ఉంటుంది. తాగని మత్తు ఇది."

కరుణ కళ్ళు మూసుకుంది. ఆవిడ పెదవులు కదిలాయి. నిన్న నోరు తెరవమన్నందుకు క్షమాపణ భర్తకు చెబుతోందో, దేవుడికి చెబుతోందో.

"ఆ విషం బయటికి పోవడానికే కదా నేను తియ్యటి సిరప్ రాసింది," అని డాక్టరమ్మ బాలశౌరి వైపు తిరిగింది. "రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కావాలని చెప్పాను. సరిగ్గా తాగుతుంటే నిన్న ఇంత దూరం రాకూడదు. మానేశారా?"

"మానలేదమ్మా."

"అవును డాక్టర్ గారూ, సీసాలు నేనే తెస్తున్నాను కదా, అయిపోతూనే ఉన్నాయి," అంది కరుణ ఆయన పక్షాన.

బాలశౌరి దుప్పటి అంచు సవరించుకున్నాడు. పాతికేళ్ళుగా ఎన్ని రకాల దుర్మార్గులకో గొంతిచ్చిన మనిషికి ఈ ఒక్క మాట గొంతు దాటడం కష్టమైంది.

"సింకులో పోశాను," అన్నాడు.

కరుణ చేతిలోని ఫ్లాస్కు పక్కన పెట్టింది.

"స్టూడియో ఉన్న రోజుల్లో మాత్రమే. అది తాగితే ఒకచోట కూర్చోనివ్వదు. టేకు మధ్యలో లేచి పరిగెత్తాలి. ఒకసారి వెళ్ళొచ్చేసరికి అద్దం అవతల కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు. మైకు ఆన్‌లోనే ఉంది, వాళ్ళకు తెలీదు. ముసలాయనకు డైపర్ వెయ్యాలి అన్నాడొకడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "సిద్ధార్థ సినిమా ఒప్పుకున్నాక రోజూ స్టూడియోనే."

ఒకప్పుడు కరుణ ఆయన బ్రాందీ సీసాలు వెతికి వెతికి ఆ సింకులోనే ఒంపేది. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ఆవిడ ఆయన వంక చూసి చూపు తిప్పుకుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "సిగ్గుకు పోతే ప్రాణం పోతుంది బాలశౌరి గారూ," అని లేచింది. "మళ్ళీ మొదలుపెడదాం. పదిసార్లు వెళ్ళాల్సొచ్చినా సరే."

ఆవిడ వెళ్ళాక ఆండ్రూ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది అబద్ధం కిందికి వస్తుందా, రాదా?" అని బయటికే చూస్తూ అడిగాడు.

"వస్తుంది," అన్నాడు బాలశౌరి.

"నేను లెక్కలోకి తీసుకోను." వాడు తిరిగొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "నిన్న వెంకటేశ్వరరావు అంకుల్ ఫోన్ చెయ్యగానే నాకేమనిపించిందో తెలుసా డాడీ? ఆపరేషన్ తప్పిందని సంతోషం వేసింది. ఒక్క క్షణమే. నాకూ భయంగానే ఉంది కదా. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది."

బాలశౌరి కొడుకు తల మీద చెయ్యి వేశాడు. వాడు చిన్నపిల్లాడిలా తల వంచాడు. కరుణ టీ గ్లాసు ఆండ్రూ చేతిలో పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ విప్పింది. నిన్నటి నుంచి ఆ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోవడం అదే మొదటిసారి. చర్చి సంగతి ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాడు బాలశౌరి. నోటి దాకా వచ్చింది. వాడు టీ తాగుతూ ఏదో గుర్తొచ్చి నవ్వాడు. ఆ నవ్వు చెరపడానికి మనసొప్పక, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు.

సాయంత్రం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఎండ ఇంకా వాలకముందే డాక్టర్ మనోజ మళ్ళీ వచ్చింది. ఈసారి స్టూలు లాక్కోలేదు. తలుపు తనే దగ్గరగా వేసింది.

"మూత్రం రిపోర్టు వచ్చింది."

"మంచిది," అన్నాడు బాలశౌరి. నిజంగానే మంచిదనుకున్నాడు.

ఆవిడ ఒక్కొక్కరి ముఖమూ చూసి, చివరికి రోగి ముఖం మీద చూపు నిలిపింది.

"పాజిటివ్ వచ్చింది."

కరుణకు అర్థం కాలేదు. "అంటే మంచిదే కదండీ?" అంది అమాయకంగా.

"మందు ఆనవాలు ఉందని అమ్మా," అన్నాడు ఆండ్రూ.

"పొరపాటు జరిగే వీలుంది," అంది డాక్టరమ్మ. "కొన్ని టానిక్కుల వల్ల కూడా రావచ్చు. మళ్ళీ పంపిస్తాను. కానీ వచ్చిన అంకె చిన్నది కాదు. కమిటీకి చెప్పకుండా దాచే హక్కు నాకు లేదు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది. జవాబు మీరు సిద్ధం చేసుకోవాలి." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. నాలుగేళ్ళుగా ఎంతో కష్టపడి నిలబెట్టిన గోడకు పగులు చూసిన మనిషి గొంతులా ఉంది. "నిన్న మీరు తాగలేదన్నారు. ఇప్పుడు తల తేటగా ఉంది కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను."

తాగలేదు అనబోయాడు బాలశౌరి. నాలుగేళ్ళుగా ఎవరు అడిగినా రొమ్ము విరుచుకుని చెప్పిన మాట. పెదవులు విడివడ్డాయి. సరిగ్గా అక్కడ, ఆటో సీటుకూ ఇంటి గుమ్మానికీ మధ్యన, ఆ నల్లటి ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. నిన్న మొద్దుబారిన తలతో దాన్ని చూశాడు. ఇవాళ తేటపడిన తలతో చూస్తే అది ఇంకా పెద్దదిగా ఉంది. అందులో ఏముందో తనకు తెలియదు. ఒట్టు వేద్దామంటే కాలు మోపేందుకు చోటు లేదు.

"ఆయన చర్చిలో ఉన్నారు," అంది కరుణ గట్టిగా. "నిన్న మధ్యాహ్నమంతా చర్చిలోనే ఉన్నారు. ఫాదర్ గారిని అడుగుదాం. సాక్ష్యం చెబుతారు."

ఫోను కోసం ఆవిడ సంచీలో వెతకడం మొదలుపెట్టింది. ఆండ్రూ మాత్రం కదల్లేదు. తండ్రినే చూస్తున్నాడు.

"డాడీ. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

అదే ప్రశ్న. నిన్నటి నోరు దానంతట అదే జవాబు చెప్పేసింది. ఇవాళ చెప్పాల్సింది ఆయనే.

"చర్చిలో లేను," అన్నాడు బాలశౌరి. "ఎక్కడున్నానో నాకు తెలీదురా. చర్చి అని ఊరికే అన్నాను. నాకేమీ గుర్తులేదు."

ఫోను దొరికి చేతిలోకి తీసుకున్న కరుణ అలాగే ఉండిపోయింది. ఆండ్రూ ముఖంలో కోపం వస్తుందని ఎదురు చూశాడు బాలశౌరి. రాలేదు. వాడి ముఖం మెల్లగా మూసుకుపోయింది. పదేళ్ళ కిందట బార్ల మెట్ల మీద తనను లేపడానికి వంగినప్పుడు ఎలా ఉండేదో అలా అయింది.

"తాగావో లేదో కూడా తెలీదా?"

"తెలీదు."

డాక్టర్ మనోజ ఏదో చెప్పబోయింది. అంతలో తలుపు తట్టి వార్డు సిస్టర్ తొంగి చూసింది.

"అమ్మా, మీ కోసం కింద ఒకాయన వచ్చిండు. పేరు కమలాకర్ అంట. నిన్న సార్‌ని ఆటోల ఇంటికి పంపింది తనేనట."

ఆ పేరు వినగానే కరుణ భర్త వైపు చూసిన చూపులో నింద లేదు. నింద అయితే భరించేవాడే. ఆ చూపులో భయం ఉంది.

"పైకి రమ్మను," అన్నాడు బాలశౌరి. మంచం మీద లేచి కూర్చోబోయాడు. "రమ్మను సిస్టర్. వాడికి తెలుస్తుంది. వాణ్ణి అడుగుదాం."

"రమ్మన్న సార్. రానంటున్నడు." సిస్టర్ ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. "అమ్మతోని ఒక్కదానితోనే మాట్లాడతడంట. మీ ముందటికి మాత్రం రాడంట. తలకి పెద్ద కట్టు ఉంది. కన్ను మొత్తం వాచింది. జర నిలబడనీకి కూడా కష్టపడుతున్నడు."

ఆండ్రూ లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"దెబ్బ ఎలా తగిలిందంట?"

"అది గూడ అడిగిన," అంది సిస్టర్. మంచం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "పైనున్న సార్‌కి ఎరుకే, ఆయన్నే అడుగుండ్రి అన్నడు."